కాచినా పోనిది

శ్రోతలకు నమస్కారం. నానోటెక్నాలజీ గురించి మాట్లాడమన్నారు, అది సముద్రం, ఉన్న టైము కొంచెం, అందుకని ఒక్క కెమిస్ట్ చేసిన పని చెప్తాను, అందులోనూ మంచినీళ్ళ సంగతి మాత్రమే చెప్తాను.

ఆయన పేరు తలప్పిల్ ప్రదీప్. మద్రాస్ ఐఐటీలో కెమిస్ట్రీ ప్రొఫెసర్. కేరళలో మలప్పురం జిల్లా, పల్లెటూరు, గవర్నమెంటు బడి, మలయాళం మీడియం, ఆ తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో పీహెచ్‌డీ, 2020లో పద్మశ్రీ. ఆయన గురించి ఇంత చాలు, పనిలోకి వెళ్దాం.

మీటరుని 100 కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటరు. వస్తువుని ఆ సైజు దాకా చిన్నది చేస్తే దాని తీరే మారిపోతుంది, బంగారం బంగారంలా ఉండదు. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను, మా పిల్లలకి ఇది చేసి చూపించడం నాకు భలే ఇష్టం. గోల్డ్ క్లోరైడు చాలా పల్చగా కలిపిన నీళ్ళు, లేత పసుపు రంగు, బాగా మరుగుతుండగా కొంచెం సిట్రేట్ పోస్తాం. ముందు పసుపు పోయి నీళ్ళు తేటగా అయిపోతాయి, పిల్లలు ఏం కాలేదనుకుంటారు, అంతలో నల్లబడుతుంది, ఊదా రంగుకి తిరుగుతుంది, కాసేపటికి ఫ్లాస్కు మొత్తం ముదురు ఎరుపు. అదంతా బంగారమే, కంటికి కనపడనంత చిన్న కణాలుగా ఉన్న బంగారం.

ఆ ఎర్రటి నీళ్ళలో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు వేస్తే రంగు నీలానికి మారుతుందని ప్రదీప్ గారు, ఆయన స్టూడెంట్లు 2003లో చూపించారు. ఎండోసల్ఫాన్ అంటే మన పత్తి రైతులకి చెప్పక్కర్లేదు. కేరళలో కాసరగోడ్ జీడితోటల మీద హెలికాప్టర్‌తో కొట్టి అక్కడి జనాల బతుకులు నాశనం చేసిన మందు, 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. అదే రోజుల్లో వెండి నానోకణాల మీద కార్బన్ టెట్రాక్లోరైడ్, అదీ ఎండోసల్ఫాన్ లాగే క్లోరిన్ ఉన్న రసాయనమే, విరిగిపోయి సిల్వర్ క్లోరైడు, బొగ్గు కింద మిగులుతుందని కూడా వాళ్ళు కనిపెట్టారు. అలా మొదలై, నీళ్ళలో పురుగుమందులు తీసేసే ఫిల్టరు 2007కల్లా బజార్లోకొచ్చేసింది.

నాకు మాత్రం వీటన్నిటికంటే ఆర్సెనిక్ అనే విషం కథే ఇష్టం. అది కాస్త నిదానంగా చెప్తాను.

పశ్చిమ బెంగాల్లో చెరువు నీళ్ళు తాగి జనం జబ్బు పడుతున్నారని ఊరూరా బోర్లు వేశారు. మంచి ఉద్దేశమే. కానీ అక్కడ భూమి లోపలి పొరల్లో ఆర్సెనిక్ ఉంది, అదే బోరు నీళ్ళలోకి వచ్చింది. రంగుండదు, వాసనుండదు, రుచుండదు. ఏళ్ళ తరబడి తాగాక అరచేతులు, అరికాళ్ళు గట్టిపడి మచ్చలు పడతాయి, ఇంకా ముదిరితే క్యాన్సర్. ఎంతుంటే ప్రమాదం అంటే, లీటరుకి 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఆ లెక్కన 5,000 లీటర్ల టాంకర్లు 20 వరసగా నిలబెడితే వాటన్నిటిలో కలిపి ఒక్క గ్రాము. ఒక్క గ్రాము! అంత తక్కువగా ఉన్నదాన్ని ఏరి పట్టుకోవాలి, అదీ పేదవాడి ఇంట్లో, కరెంటు లేకుండా.

ఆర్సెనిక్‌కి ఇనుప తుప్పు లాంటి పదార్థాలంటే అతుక్కునే గుణం ఉంది, ఇది పాత సంగతే. మరి తుప్పు వేస్తే సరిపోదా? సరిపోదు. పెద్ద ముక్కయితే పైపైనే అతుక్కుంటుంది, లోపలి ఇనుమంతా దండగ. కొబ్బరి చిప్ప అలాగే కూరలో పడేసినదానికీ కోరి వేసినదానికీ ఉన్న తేడా ఇది, ఎంత చిన్నగా ఉంటే అంత పని చేస్తుంది. మరీ పొడి చేస్తే ఇంకో తంటా, నీళ్ళతో పాటు కొట్టుకొచ్చేస్తుంది, లేదా ఫిల్టరు పూడుకుపోతుంది. పైగా బాగా పనిచేసే రకం తుప్పు ఉంది చూశారూ, ఫెర్రీహైడ్రైట్ అంటారు, అది నిలకడగా ఉండదు, పోనుపోను వేరే రకం తుప్పుగా మారిపోయి పట్టు పోగొట్టుకుంటుంది.

దీనికి వాళ్ళు వాడింది కైటోసాన్. ఎక్కడిదనుకున్నారు? రొయ్యల, పీతల పెంకుల్లోంచి తీసేది! మన భీమవరం వైపు, నెల్లూరు వైపు రొయ్యలు ఒలిచి పడేస్తారే, ఆ పొట్టులోంచి. కైటోసాన్ అల్లికలో ఈ నానో తుప్పుని ఇరికించి ఇసక రేణువుల్లాంటి గుళికలు చేశారు. నీళ్ళు గుళికల సందుల్లోంచి దిగుతాయి, ఆర్సెనిక్ ఇనుముకి అతుక్కుని ఉండిపోతుంది, ఇనుము ఎక్కడికీ పోదు, రకం కూడా మారదు. ఆర్సెనిక్ నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది, రెండిటినీ ఈ గుళికలు పడతాయి. ఈ పని 2017లో రీసెర్చి పేపరుగా వచ్చింది, అమృత్ అని పేరు పెట్టారు, బెంగాల్ ఊళ్ళలో ఫిల్టర్లు పెట్టారు.

సూక్ష్మజీవుల్ని చంపడానికి ఇంతకుముందే 2013లో ఇలాంటి అల్లికలోనే వెండి కణాలు పెట్టి చూపించారు, ఒక కుటుంబానికి ఏడాదికి రెండున్నర డాలర్లలో అయిపోతుందని లెక్క కట్టారు. ఆ పదార్థం తయారీకి కొలిమి లేదు, కరెంటు లేదు, మామూలు గది వేడిలో నీళ్ళలోనే చేస్తారు. నా మటుకు నాకు అసలు సైన్సు అక్కడే ఉందనిపిస్తుంది, చవగ్గా చెయ్యడం ఖరీదుగా చెయ్యడం కంటే చాలా కష్టం, దానికి ఇంకా ఎక్కువ కెమిస్ట్రీ తెలియాలి.

ఇప్పుడు మనింటి సంగతి. "మేం కాచి చల్లార్చిన నీళ్ళే తాగుతామండీ" అని చాలామంది ధీమాగా చెప్తారు. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి, మంచిదే, కాచండి. కానీ ఆర్సెనిక్ పోదు. ఫ్లోరైడూ పోదు. నీళ్ళు ఆవిరవుతాయి గానీ అవి గిన్నెలోనే ఉంటాయి, కాచేకొద్దీ ఇంకాస్త చిక్కబడతాయి. ఫ్లోరైడు బాధ ఏంటో నల్గొండ వాళ్ళని అడగండి, పటిక, సున్నం వేసి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరుంది.

ఇంకోటి, ఆ టీడీఎస్ మీటరు. ఫిల్టరు అమ్మేవాళ్ళు నీళ్ళలో ముంచి నంబరు చూపిస్తారు, మనం భయపడి కొనేస్తాం. ఆ నంబరు మొత్తం ఉప్పులెన్నో చెప్తుంది, ఏ ఉప్పో చెప్పదు. లీటరుకి మైక్రోగ్రాముల్లో ఉండే ఆర్సెనిక్ ఆ మీటరుకి ఆనదు.

అందుకని ఫిల్టరు కొనేముందు నీళ్ళు టెస్టు చేయించండి. జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబులున్నాయి. బోరు మోటారు వేసి కొన్ని నిమిషాలు నీళ్ళు పోనిచ్చి, శుభ్రమైన సీసాని ఆ నీళ్ళతోనే రెండు మూడు సార్లు కడిగి, నిండా పట్టి మూత బిగించి, ఏ బోరు, ఏ తేదీ అన్నది సీసా మీద రాసి తీసుకెళ్ళండి, ఫ్లోరైడు, నైట్రేటు చూడమని నోరు తెరిచి అడగండి. ఫలితం కాగితం మీద రాయించుకుని, ఆ కాగితం పట్టుకుని అప్పుడు ఫిల్టరు షాపుకెళ్ళండి. నమస్కారం.