దూలానికి రెండో ఇల్లు

శ్రోతలకు నమస్కారం. చిన్న జాగాలో, చెక్కనూ ఎండనూ వాననూ వాడుకుంటూ మేం కట్టుకున్న ఇంటి గురించి చెబుతాను.

హిందూపురం దగ్గర మా ఊళ్లో తాతగారి చౌడు మిద్దె, అంటే దూలాల మీద చౌడు మట్టి కప్పిన ఇల్లు, ఉండేది. కూలే దశకు వచ్చాక విప్పించేశాం. గోడల మట్టి దొడ్లోనే కలిసిపోయింది. చేతికి దక్కినవి నాలుగు వేప దూలాలు. వాటిలో రెండింటి కొసలు చెదలు తినేశాయి. మిగతా రెండూ లారీ ఎక్కి, దాదాపు వంద కిలోమీటర్లు వచ్చి, ఇప్పుడు బెంగళూరులో మా ఇంటి అటకను మోస్తున్నాయి.

మాది ఇరవై బై ముప్పై సైటు. అంటే 600 చదరపు అడుగులు. ఈ ఊళ్లో అంత జాగాలో నాలుగంతస్తులు లేపి మూడు వాటాలు అద్దెకిస్తారు. మేం కింద ఒక హాలు, వంటిల్లు, పైన ఒక గది, హాలు మీద చెక్క అటక వేసుకుని ఆపేశాం. గృహప్రవేశానికి వచ్చిన మా మేనమామ చుట్టూ చూసి, "ఇంతేనా రా అబ్బీ?" అన్నాడు. ఇంతే మామా. కట్టని గదికి సిమెంటు అక్కర్లేదు, ఇనుము అక్కర్లేదు, రోజూ ఊడ్చే పని కూడా లేదు.

ముప్పై ఏళ్లు ఇళ్లు కట్టే సైట్లలో తిరిగినవాణ్ణి కాబట్టి ఒక మాట చెబుతాను. చిన్న ఇల్లు కట్టేవాళ్లు ప్లాను పైనుంచి గీయడం మొదలుపెట్టాలి. చిన్న ఇంట్లో గొడవంతా మిద్దె మీదే. మా మిద్దె, అంటే పైకప్పు, 450 చదరపు అడుగులు. సోలార్ ప్యానెళ్లకు కిలోవాటుకు వంద చదరపు అడుగులు కావాలి. సోలార్ నీళ్ల హీటరుకు కొంత, ట్యాంకుకు కొంత. బట్టలారేసే తీగ. ఇవన్నీ పోగా వడియాలు పెట్టుకోవడానికి ఎండ తగిలే మూల వదలకపోతే ఊరుకోనని మా ఆవిడ ముందే చెప్పేసింది. ట్యాంకు నీడ ప్యానెల్ మీద పడకూడదు. ప్యానెల్‌లో ఒక మూల నీడ పడినా కరెంటు బాగా తగ్గిపోతుంది. అందుకని ట్యాంకును ఉత్తరానికి జరిపి, ప్యానెళ్లను దక్షిణానికి తిప్పి, సుమారు 13 డిగ్రీలు వాల్చాం. మన బెంగళూరు అక్షాంశం కూడా అంతే.

ఒక కిలోవాటు పెట్టాం. కేంద్రం 2024లో తెచ్చిన సూర్యఘర్ పథకంలో దానికి 30,000 రూపాయల సబ్సిడీ ఉంది. ఎండ బాగుంటే రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి, ముసురు పట్టిన రోజుల్లో సగం రావడం కూడా కష్టం. ఎదురింటాయన, "కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకంలో 200 యూనిట్ల లోపు బిల్లే లేదు కదండీ, మీకెందుకీ ఖర్చు?" అన్నాడు. డబ్బుల లెక్కలో ఆయన చెప్పిందే కరెక్టు. అందుకే ఎవరైనా అడిగితే ముందు సోలార్ నీళ్ల హీటరు పెట్టించుకోండి, ప్యానెళ్ల సంగతి తర్వాత చూద్దాం అంటాను. రెండు కిలోవాట్ల గీజరు అరగంట తిరిగితే ఒక యూనిట్. నలుగురు స్నానాలు చేసే ఇంట్లో ఆ ఖర్చు ఎంతో మీరే వేసుకోండి.

వాన నీళ్లకు 2009లోనే ఈ ఊళ్లో రూలు వచ్చింది. 1200 చదరపు అడుగులు, ఆపైన ఉన్న సైట్లలో కొత్త ఇళ్లకు వాననీటి ఏర్పాటు తప్పనిసరి. మాకు ఆ రూలు వర్తించదు, అయినా పెట్టాం. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన. మా మిద్దె మీద పడేది 40 వేల లీటర్లు. ఒలికిపోయేది తీసేసినా ఐదు ట్యాంకర్ల నీళ్లు. 2024 ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఫోన్లు చేసినవాళ్లకు దీని విలువ నేను చెప్పక్కర్లేదు.

ఇక చెక్క. పదడుగుల చదరం గదికి ఐదంగుళాల కాంక్రీటు స్లాబు వేస్తే దాని బరువు 2800 కిలోలు. అదే జాగాలో దూలాలు, పలకలు కలిపి అర టన్నుకు అటూ ఇటూ. కింద గోడకూ పునాదికీ అంత బరువు తగ్గినట్టే. పైగా ఎండిన చెక్కలో దాదాపు సగం బరువు కర్బనమే. చెట్టు గాలిలోంచి పీల్చుకున్నది చెక్క పాడవనంత కాలం మీ ఇంట్లోనే ఉంటుంది. సిమెంటు తయారీలో సున్నపురాయిని కాల్చినప్పుడు జరిగేది దీనికి సరిగ్గా తిరగబడ్డ వ్యవహారం.

అలాగని అడవి టేకు నరికి తెచ్చి పర్యావరణం అంటే నేను ఒప్పుకోను. పాత ఇళ్లు పడగొట్టినచోట దొరికే చెక్క ఉంది, కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ ఉంది. సిల్వర్ ఓక్‌కు మందు పట్టించాలి, వాన తగలని చోటే వాడాలి. ఏ చెక్కో అనుమానం వస్తే మల్లేశ్వరం 18వ క్రాస్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఉంది, అక్కడ ముక్క చూసి జాతి చెబుతారు.

నేను మోసపోయింది తలుపు దగ్గర. బాగా సీజన్ చేసింది, అంటే ఆరబెట్టిన చెక్క అని ఒక దుకాణంలో అమ్మారు. జులైలో ముసురు పట్టగానే ఉబ్బి, భుజంతో నెడితే గానీ తెరుచుకోలేదు. మార్చికి మధ్యలో వేలు దూరేంత చీలిక. తర్వాత మా వడ్రంగి ఆచారి తేమ మీటరు తెచ్చాడు. రెండు సూదులుంటాయి, గుచ్చితే చెక్కలో తేమ ఎంత శాతమో అంకె పడుతుంది. మిగిలిన పలకలు 22 చూపించాయి. పన్నెండు దగ్గర ఉండాలి. తాత దూలాలకు గుచ్చితే పదకొండు. "ఇదన్నా చెక్కంటే" అని ఆచారి దాని మీద వేలి కణుపుతో కొట్టి వినిపించాడు. గంట మోగినట్టే మోగింది. కోసే ముందు అందులోంచి పద్నాలుగు మేకులు పీకాడు. ఒక్కటి మిగిలినా రంపం పళ్లు ఎగిరిపోతాయట.

చెక్కకు శత్రువులు తేమ, చెద. బసవనగుడి పాత ఇళ్లలో కిటికీల మీద చెక్క గొడుగులు చూసే ఉంటారు, మంకీ టాప్ అంటారు. అందానికే అనుకుంటాం గానీ, కిటికీ చెక్కను వాన నుంచి కాపాడేవి అవే. మా దూలాల కొసలను గోడలో పూడ్చకుండా రాతి పలక మీద కూర్చోబెట్టి, చుట్టూ వేలెడు గాలి వదిలాం. నిప్పు సంగతి కూడా చాలామంది అడుగుతారు. లావు దూలం పైపొర బొగ్గయి లోపలి చెక్కను చాలాసేపు కాపాడుతుంది, సన్న పలకలకు ఆ బలం లేదు. అందుకే వంటింటి మీద అటక వేయలేదు.

అటకలో ఎక్కడా మేకు వాడలేదు, అన్నీ బోల్టులే. వాటికి పట్టే 19 నంబరు స్పానర్‌ను ఎడమ దూలం పక్కన కొక్కేనికి తగిలించి ఉంచాను.

సెలవు.