కాకాపో ఏటా గుడ్లు ఎందుకు పెట్టదు?

కాకాపో ప్రస్తావన వస్తే చాలు, ‘ఎగరడం రాదు, పిల్లల్ని కనడమూ చేతకాదు, అంతరించక ఏం చేస్తుంది?’ అనేస్తారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. న్యూజిలాండ్‌లోని ఈ చిలుక వేసుకునే లెక్క తెలిస్తే ఆ మాట నోట రాదు.

చేలో పంట చూసుకుని కూతురి పెళ్లికి ముహూర్తం పెట్టుకునే రైతు ఇల్లు తెలుసు కదా? కాకాపోకు ఆ పంట రిము చెట్టు. రిము రెండు నుంచి నాలుగేళ్లకోసారి మాత్రమే విరగకాస్తుంది. కాపు లేని ఏడు పెళ్లి ఊసే ఉండదు. కాపు ఉంటే, పండ్లు పండడానికి నెలల ముందే, కొమ్మలకు లేత కాయలు ఉండగానే జతకడతాయి. గుడ్లు పొదిగి, పిల్లలు నోరు తెరిచే వేళకు పండ్లు అందాలి. ఎంత ముందుచూపు! సంరక్షకులు కూడా ఇప్పుడు కొమ్మల్లో కాయలు లెక్కపెట్టే ఆ ఏడు గుడ్లు ఉంటాయో లేదో అంచనా వేస్తారు.

[తెరపై: కొండమీద నేలలో గిన్నెలాంటి గుంట]

ఇక పెళ్లి మేళం. అక్కడి వేసవిలో మగపక్షులు ఎత్తైన చోటికి చేరి ఇలాంటి గుంటలు తవ్వుకుంటాయి. గుంటకు చేరే బాటలో పుల్ల కూడా మిగలనివ్వవు. అందులో కూర్చుని, ఛాతీలోని గాలితిత్తులను ఉబ్బించి ‘బుమ్’ అంటాయి. ఒక్కో రాత్రి ఎనిమిది గంటలసేపు కూడా, అలా రెండు మూడు నెలలపాటు! ఆ మోత ఐదు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. మధ్యమధ్య ‘చింగ్’ అని సన్నగా అరుస్తాయి. ఆడపక్షి మేళం విని నడిచి వస్తుంది. వరుణ్ని ఎంచుకునేది తనే. చిలుకల్లో ఇలాంటి స్వయంవరం ఇంకెక్కడా లేదు.

జతకట్టాక మగపక్షికి బాధ్యతేమీ ఉండదు. ఒకటి నుంచి నాలుగు గుడ్లు, సుమారు నెల రోజుల పొదుగు, తర్వాత మేత, అంతా తల్లిదే. రాత్రి పిల్లల్ని వదిలి మేతకు వెళ్లక తప్పదు. మనుషులు తెచ్చిన ఎలుకలు, పిల్లులు, ముంగిసలా కనిపించే స్టోట్‌లు అప్పుడే గూటిమీద పడ్డాయి. తప్పు పక్షి పద్ధతిలో లేదు, మనం దించిన శత్రువుల్లో ఉంది.

సమయం తక్కువగా ఉంది, మిగతాది త్వరగా చెబుతాను. 1995లో మిగిలినవి 51. అప్పటికే వాటిని వాటిని వేటాడే జంతువులు లేని దీవులకు తరలిస్తూ వచ్చారు. అదనంగా మేత పెడితే బరువెక్కిన తల్లులకు మగపిల్లలే ఎక్కువగా పుట్టాయి. దాంతో బరువు చూసి మేత పెట్టడం మొదలుపెట్టారు. 2019లో రిము విరగకాసింది, ఆ ఒక్క ఏడే 70కి పైగా పిల్లలు దక్కాయి. 2022 నాటికి సంఖ్య 250 దాటింది.