థామస్ నివెట్ పుస్తకాలు ఏమయ్యాయి?

[దృశ్యం: పాత లాటిన్ పుస్తకం మొదటి పేజీ. కెమెరా మెల్లగా సిరాతో రాసిన ఒక పేరు దగ్గరికి వెళ్తుంది.]

వాయిస్: ఈ సంతకం చూడండి. థామస్ నివెట్. ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ కౌంటీలో, ఆష్‌వెల్‌థార్ప్ అనే పల్లెలో భూస్వామి. 1539 ప్రాంతంలో పుట్టి 1618లో చనిపోయారు. ఆయన కాలంలోనే అదే పేరుతో ఇంకొకరున్నారు. 1605లో పార్లమెంటును పేల్చబోయిన గై ఫాక్స్‌ను పట్టుకున్నది ఆయనే. చరిత్ర పుస్తకాల్లో కనిపించేదీ ఆయనే. మన నివెట్ రచయితగా పేరు తెచ్చుకోలేదు. పుస్తకాలు కొన్నారు, చదివారు, దాచారు.

[స్క్రీన్ మీద: 1,400]

ఎన్ని దాచారు? దాదాపు 1,400 అచ్చు పుస్తకాలు, 70 దాకా చేతిరాత ప్రతులు. ఆక్స్‌ఫర్డ్‌లో బోడ్లియన్ లైబ్రరీ 1602లో తలుపులు తెరిచినప్పుడు అక్కడున్నవి సుమారు 2,000. అది యూనివర్సిటీ, ఇది ఒక పల్లెటూరి ఇల్లు! పైగా పండితులు చదివే పుస్తకాలు ఎక్కువగా వెనిస్, పారిస్, బాసెల్ లాంటి ఊళ్లలో అచ్చయ్యేవి. సముద్రం దాటి రావాలి. ఆ ఓపిక తలచుకుంటే నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

[దృశ్యం: నార్ఫోక్ నుంచి కేంబ్రిడ్జ్ దాకా మ్యాపు.]

తర్వాత ఆ పుస్తకాలు నారిచ్ బిషప్‌గా పనిచేసిన జాన్ మూర్ చేతికి వచ్చాయి. ఈయనకూ పుస్తకాలంటే ప్రాణం. 1714లో మూర్ పోయేసరికి దాదాపు 30,000 సంపుటాలు పోగయ్యాయి. మొదటి జార్జ్ రాజు మొత్తం కొని, 1715లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీకి ఇచ్చేశారు. అన్ని పుస్తకాలకు అక్కడ చోటే లేదు. ఏళ్ల తరబడి సర్దకుండా పడి ఉన్నాయి, కొన్ని దొంగలపాలయ్యాయి. ఆ గుట్టలో నివెట్ పేరు మునిగిపోయింది.

మరి ఇప్పుడు మనకెలా తెలిసింది? రెండు ఆధారాలు. 1618 నాటి చేతిరాత జాబితా ఒకటి, ఈ సంతకం ఇంకొకటి. వీటిని పట్టుకుని డేవిడ్ మెకిటరిక్ అనే చరిత్రకారుడు ఒక్కో పుస్తకాన్నీ వెతికి, 1978లో ఆ లైబ్రరీ మొత్తానికి కేటలాగ్ అచ్చువేశారు. ఎంత శ్రమో ఊహించండి. జాబితాలో పేరు ఒక ముక్కే ఉంటుంది. అది ఏ ముద్రణో, ఏ అలమారలో ఉందో తేల్చుకోవాలి.

[దృశ్యం: పుస్తకం అట్ట లోపలి వైపు.]

అట్ట తెరవగానే కనిపించేది రాజు కానుక అని చెప్పే లేబుల్. జాన్ పైన్ చెక్కింది, మీద 1715 అని ఉంటుంది. ఇప్పుడు పేజీ తిప్పుదాం.

[కెమెరా మళ్లీ ఆ సంతకం మీద ఆగుతుంది.]