ధార ఎక్కడ ఆగుతోంది?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారంటే కాలనీలో నీళ్ల బాధ ఎంతుందో అర్థమవుతోంది. గేటు దగ్గరే ఇద్దరు ముగ్గురు ఆపి, "సార్, ధార సన్నగా వస్తోంది, ట్యాపు మార్చేయమంటారా?" అని అడిగారు. మార్చే ముందు నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో కనిపెట్టండి. ఈ పూట నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ముందు ఒక్కటి చూసుకోండి. ధార ఒక్క నల్లాలోనే తగ్గిందా, ఇల్లంతా తగ్గిందా? ఒక్కదాంట్లోనే అయితే గోడ జోలికి పోనక్కర్లేదు. ట్యాపు మూతికి సన్నటి జాలీ ఉంటుంది. షాపులో ఏరేటర్ అంటారు. చేత్తో తిప్పితే ఊడుతుంది. ఊడకపోతే గుడ్డ చుట్టి పట్టకారుతో తిప్పండి, గుడ్డ లేకుండా పట్టుకుంటే పాలిష్ గీసుకుపోతుంది. లోపల ఇసుక, ప్లాస్టిక్ పైపు కోసినప్పటి పొట్టు, తెల్లటి పెచ్చులు కనిపిస్తాయి. జాలీ తీసేసి నల్లా తిప్పినప్పుడు నీళ్లు నిండుగా వస్తే సమస్య అక్కడే ఉన్నట్టు.

ఆ పెచ్చులు కాల్షియం కార్బొనేట్, అంటే మన సున్నపురాయే. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. అందులో నీటి కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగి ఉన్న సున్నం లాంటి లవణాల లెక్క, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదని ఉంది, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా ఒప్పుకుంటారు. మన బోర్లలో చాలావాటి నీళ్లు ఆ 200 దాటేస్తాయి. నీళ్లు వేడెక్కితే సున్నం ఇంకా తొందరగా పేరుకుంటుంది. అందుకే చాలా ఇళ్లలో చన్నీళ్లు బాగానే ఉండి, గీజరు వైపు మాత్రం ధార తగ్గుతుంది.

దీనికి నిమ్మ ఉప్పు చాలు. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు కలిపి, జాలీని అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. షవరు విప్పడం రాకపోతే అదే నీళ్లు కవరులో పోసి, షవరు తల మునిగేలా కట్టి వదిలేయండి. దయచేసి బాత్రూమ్ కడిగే యాసిడ్ వాడకండి. మెరుపు పూత పోతుంది, కింద ఇత్తడి కూడా తింటుంది. తొందరలో యాసిడ్ పోసి వేల రూపాయల ట్యాపులు పాడుచేసుకున్న ఇళ్లు చాలా చూశాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది.

జాలీ శుభ్రంగా ఉన్నా ధార రాకపోతే సింకు కింద యాంగిల్ కాక్ చూడండి, అంటే గోడ దగ్గర ఆ నల్లాకి నీళ్లు ఆపే చిన్న వాల్వ్. ఎవరో రిపేరుకు సగం మూసి మర్చిపోయి ఉంటారు. గీజరు వైపు పని చేసేటప్పుడు మాత్రం ముందు కరెంటు స్విచ్ ఆపి, నీళ్లు చల్లారాకే చెయ్యి పెట్టండి.

ఇల్లంతా తగ్గితే లెక్క వేరు. ట్యాంకు కింద గేట్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉందో లేదో చూడాలి. పాత గేట్ వాల్వ్‌లలో చక్రం తిరుగుతూనే ఉంటుంది, లోపలి పలక మాత్రం తెగి కిందే ఉండిపోతుంది. పైనుంచి చూస్తే తెరిచినట్టే ఉంటుంది కాబట్టి చాలామంది ఇక్కడే మోసపోతారు. మార్చాల్సి వస్తే బాల్ వాల్వ్, అంటే లోపల పలకకి బదులు రంధ్రమున్న గుండు తిరిగేది, వేయించండి.

ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండాక నీళ్లు రాకపోతే పైపులో గాలి పట్టిందన్నమాట. అన్నిటికంటే కింద ఉన్న నల్లా పూర్తిగా తిప్పి కాసేపు వదలండి, చాలాసార్లు ఉమ్మేస్తూ ఉమ్మేస్తూ వచ్చేస్తుంది. ఇది పదే పదే జరుగుతుంటే, ట్యాంకు నుంచి దిగే పైపుకి ట్యాంకు కన్నా ఎత్తుగా గాలి గొట్టం ఉందో లేదో మేస్త్రీని అడగండి.

పై అంతస్తు వాళ్లకి ఇంకో మాట. నీళ్ల ఒత్తిడి ఎత్తును బట్టి వస్తుంది. పది మీటర్ల ఎత్తుకి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో. ట్యాంకు మీ షవరుకి రెండు మీటర్లే పైన ఉంటే మీకు వచ్చేది అందులో ఐదో వంతు. అంత తక్కువలో పెద్ద షవర్లు, కొన్ని ఇన్‌స్టంట్ గీజర్లు పనిచేయవు. ఎంత ఖరీదైన ట్యాపు పెట్టినా ఎత్తు పెరగదు కదా! ట్యాంకు ఎత్తు పెంచాలి, లేదా ట్యాంకు తర్వాత ప్రెషర్ పంపు పెట్టుకోవాలి. కొనేముందు డబ్బా మీద ఎంత ఒత్తిడి కావాలో రాసి ఉంటుంది, చదవండి.

కారే నల్లాల సంగతి త్వరగా చెప్పేస్తాను. పాత స్క్రూ రకం కారితే చాలావరకు వాషరే. గట్టిగా బిగించకండి, వాషరు కూర్చునే చోటు అరిగిపోతుంది. సగం తిప్పితే తెరుచుకునే కొత్త రకాల్లో లోపల పింగాణీ బిళ్లలుంటాయి, ఆ బిళ్లలున్న లోపలి ముక్క, అంటే స్పిండిల్, మొత్తం మార్చాలి. పాతది షాపుకి పట్టుకెళ్లండి, ఎందుకంటే పిడి కూర్చునే చోట ఉండే పళ్ల సంఖ్య, తిరిగే దిక్కు కలవాలి. విప్పే ముందు నీళ్లు ఆపేయండి. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ తెలిసి ఉండాలి.

చివరగా ఒక విన్నపం. ధార తగ్గిందని వాటర్ బోర్డు లైనుకి నేరుగా మోటారు బిగించకండి. అది మీ పక్కింటివాళ్ల వాటా లాగేస్తుంది. పైగా ఆ పీల్చుడికి భూమిలో పైపుకి పగుళ్లున్న చోట్ల మురుగు కూడా లైన్లోకి వస్తుంది, ఆ నీళ్లే వీధంతా తాగుతారు. హైదరాబాద్‌లో బోర్డు ఇలాంటి మోటార్లను జప్తు చేసి జరిమానా వేస్తోంది. నీళ్లు వాటంతటవే సంపులోకి పడనివ్వండి, మోటారు సంపు నుంచి పైకి తోడడానికే వాడండి. సంపు నిండడం లేదంటే మీటరు దగ్గర జాలీ ఒకసారి చూపించండి. అది కూడా బాగుంటే వీధివాళ్లంతా కలిసి ఫిర్యాదు రాయండి, నేనూ సంతకం పెడతాను.