నాలుగో రోజు పారబోయకండి

శ్రోతలకు నమస్కారం.

ఈస్ట్ పొట్లం కొనకుండా, వట్టి పిండి, నీళ్లతో ఇంట్లో బ్రెడ్ పొంగుతుందా అంటే, పొంగుతుంది. కర్మాగారంలో తయారైన ఈస్ట్ అమ్మకానికి వచ్చింది 19వ శతాబ్దంలో. అంతకు ముందు వేల ఏళ్ల పాటు జనం పులిసిన పిండితోనో, బీరు కాచినప్పుడు మిగిలే నురగతోనో రొట్టె పొంగించుకున్నారు. నిన్నటి ముద్దలో కొంత దాచి ఇవాళ్టి పిండిలో కలిపే అలవాటు గురించి రోమన్ రచయిత ప్లినీ మొదటి శతాబ్దంలోనే రాసిపెట్టాడు.

అలా దాచుకునే పులిసిన పిండినే ఇప్పుడు సోర్‌డో స్టార్టర్ అంటున్నారు. దీన్ని కొత్తగా మొదలుపెట్టినవారు చాలామంది నాలుగో రోజో ఐదో రోజో ఆశ వదులుకుని సింకులో పారబోస్తారు. ఈ ప్రసంగం ముఖ్యంగా వాళ్ల కోసం.

కావలసినవి తక్కువే. ఒక గాజు సీసా, ఒక తూకం, పొట్టుతో సహా మర పట్టిన గోధుమ పిండి, నీళ్లు. మైదాతోనూ అవుతుంది కానీ ఆలస్యంగా అవుతుంది. మనకు కావలసిన సూక్ష్మజీవులు, వాటికి కావలసిన ఖనిజ లవణాలు ధాన్యం పై పొరల్లోనే ఎక్కువ. రై అనే ధాన్యపు పిండి దొరికితే ఇంకా చురుగ్గా మొదలవుతుంది. కుళాయి నీళ్లు క్లోరిన్ వాసన కొడుతుంటే ఒక రాత్రి మూత లేకుండా ఉంచి వాడండి. తూకం లేకుండా సరిపెట్టుకుందామని మాత్రం చూడకండి. కప్పుతో కొలిస్తే, అదిమి పోసినప్పుడు పిండి ఒక లెక్క, వదులుగా పోసినప్పుడు మరో లెక్క.

50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు సీసాలో వేసి, ఎక్కడా పొడి పిండి కనబడకుండా కలపండి. మూత వదులుగా పెట్టండి. బిగిస్తే లోపల పుట్టే గాలికి పోయే దారి ఉండదు. పిండి ఎంత ఎత్తున ఉందో అక్కడ ఒక రబ్బరు బ్యాండు చుట్టండి. స్టార్టర్ పెరిగిందా లేదా అన్న సందేహానికి అంతకంటే నమ్మకమైన సాక్షి లేదు. సీసాను 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండే చోట పెట్టండి.

రెండో రోజో, మూడో రోజో తెల్లవారేసరికి పిండి రబ్బరు బ్యాండు దాటి సీసా అంచుదాకా ఎగదన్ని ఉంటుంది. ఇంట్లో అందరినీ పిలిచి చూపించాలనిపిస్తుంది. కాస్త ఆగండి. మూత తీసి వాసన చూస్తే ఆ ఉత్సాహం సగానికి సగం చల్లారుతుంది. అది రొట్టె వాసన కాదు, ఏదో చెడిపోయిన కంపు. ఆ పొంగు కూడా ఈస్ట్ చలవ కాదు. ధాన్యంతో పాటే వచ్చిన ల్యూకోనాస్టాక్ వంటి బ్యాక్టీరియా, పిండి తడవగానే అందరికంటే ముందు విజృంభించి గాలి వదులుతాయి. దాన్ని నమ్ముకుని రొట్టె చేస్తే ఇటుక చేతికొస్తుంది.

ఆ మర్నాడు మీరు మేత వేస్తారు. మేత అంటే సీసాలో 50 గ్రాములు ఉంచి, మిగిలింది తీసేసి, మళ్లీ 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు కలపడం. ఏమీ జరగదు. తర్వాతి రోజూ అంతే. అక్కడక్కడా నాలుగు చిన్న బుడగలు, పైన తేరిన పలచని నీరు, అడుగున కదలకుండా కూర్చున్న పిండి. పని అయిపోయింది, చచ్చిపోయింది అనుకునేది ఇక్కడే.

నిజానికి అసలు వ్యవహారం నడుస్తున్నది ఈ రోజుల్లోనే. బ్యాక్టీరియా వదిలే ఆమ్లంతో పిండి నెమ్మదిగా పులుపెక్కుతుంది. పులుపును కొలిచే పీహెచ్ విలువ (పులుపు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) నాలుగు దరిదాపులకు దిగేసరికి, మొదట్లో గోల చేసిన రకాలు ఆ పులుపుకు తాళలేక తగ్గిపోతాయి. పులుపును ఓర్చుకునే లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా, వాటితో పాటు ధాన్యం మీద సహజంగా ఉండే ఈస్ట్ నిలదొక్కుకుంటాయి. ఈ మార్పిడి రెండు రోజుల్లో ముగియవచ్చు, చల్లటి చోట వారం పైనే పట్టవచ్చు. కంగారుపడి పూటపూటా మేత వేయకండి. అప్పటిదాకా ఎక్కిన పులుపు పలచబడి పని వెనక్కి పోతుంది. రోజుకు ఒకసారి చాలు.

ఈ రెండు జాతుల కాపురం కూడా చిత్రమైనదే. పిండిలోని ఎంజైములు పిండి పదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా విడగొడతాయి. సాన్ ఫ్రాన్సిస్కో సోర్‌డోను పరిశీలించిన శాస్త్రవేత్తలు 1971లో తేల్చిందేమిటంటే, అందులోని ముఖ్యమైన బ్యాక్టీరియాకు మాల్టోజ్ అంటే ప్రాణం, ఈస్ట్ మాత్రం దాన్ని ముట్టదు. మిగతా చక్కెరలతో సరిపెట్టుకుంటుంది. తిండి దగ్గర పేచీ లేదు కనుక రెండూ ఒకే సీసాలో ఏళ్ల తరబడి కలిసి బతుకుతాయి.

రోజూ కొంత పిండి తీసి పారేయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. అయితే లెక్క వేసి చూడండి. 50 గ్రాములతో మొదలుపెట్టి, ఏమీ తీయకుండా, ఉన్నదానితో సమానంగా పిండి, అంతే నీళ్లు కలుపుతూ పోతే ప్రతిసారీ మూడింతలవుతుంది. ఏడో మేతకు 109 కిలోలు! మనసొప్పకపోతే ఉంచే స్టార్టర్, పిండి, నీళ్లు మూడూ 20 గ్రాముల చొప్పునే తీసుకుని నడపండి, తేడా ఏమీ రాదు. మొదటి వారంలో తీసినది చెత్తలోకే వెళ్లాలి. స్టార్టర్ కుదురుకున్నాక తీసినదాన్ని ఉడికించే, కాల్చే వంటల్లో వాడుకోవచ్చు. పచ్చిగా మాత్రం రుచి చూడకండి.

ఒక రోజు మూత తీయగానే తేడా తెలుస్తుంది. కంపు పోయి, పుల్లగా, మగ్గిన పండులాంటి వాసన వస్తుంది. మేత వేసిన నాలుగు నుంచి ఎనిమిది గంటల్లో పిండి రెట్టింపు అవుతుంది. ఒక్కసారి అయితే చాలదు, వరసగా రెండు మూడు రోజులు అలాగే పొంగాలి. అది ఏడో రోజు కావచ్చు, పద్నాలుగో రోజు కావచ్చు. వారంలో తయారు అని చెప్పేవారి మాట కంటే మీ సీసాకు చుట్టిన రబ్బరు బ్యాండు మాట వినండి. ఒక చెంచాడు స్టార్టర్ నీళ్లలో వేస్తే తేలాలి అనే పరీక్ష కూడా ప్రచారంలో ఉంది. పలచగా కలిపిన మంచి స్టార్టర్ మునగవచ్చు, కనుక దాని మీద నాకు గురి లేదు.

పైన నల్లటి నీరు తేలితే భయపడనక్కరలేదు. ఆకలి వేసినప్పుడు పైకి తేలే నీరు, ఆల్కహాలు అది. వంచేసి మేత వేయండి. బూజు కనబడినా, గులాబీ, నారింజ రంగు చారలు కనబడినా మాత్రం జాలి పడకుండా మొత్తం పారేసి, సీసా కడిగి, కొత్తగా మొదలుపెట్టండి.

వందేళ్ల నాటి స్టార్టరో, ఫలానా ఊరి నుంచి తెచ్చిన స్టార్టరో మా ఇంట్లో ఉందని చెప్పుకునేవారిని చూసి చిన్నబుచ్చుకోకండి. 2021లో వెలువడిన ఒక పరిశోధనలో నాలుగు ఖండాల నుంచి 500 స్టార్టర్లు తెప్పించి చూస్తే, అది ఏ ఊరిది అన్నదాన్నిబట్టి లోపల ఏ జీవులున్నాయో చెప్పడం కుదరలేదు.

మొదటి రొట్టెకు 500 గ్రాముల పిండి, 350 గ్రాముల నీళ్లు, బాగా పొంగి ఉన్న స్టార్టర్ 100 గ్రాములు, 10 గ్రాముల ఉప్పు. పొట్టు పిండి ఎక్కువైతే నీళ్లు ఇంకాస్త పడతాయి. రోజూ కాల్చే అలవాటు లేకపోతే స్టార్టర్‌ను ఫ్రిజ్‌లో ఉంచి వారానికోసారి మేత వేస్తే సరిపోతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పిండి కలిపే హడావుడిలో సీసా మొత్తం గిన్నెలో బోర్లించి, కడిగి పెట్టేయకండి. గోడలకు అంటుకున్న చెంచాడు మిగిలినా చాలు, దానికి మేత వేస్తే రేపటికి లేస్తుంది.

సెలవు.