గేదె ఈసుకుపోయిందని డాక్టర్‌కు చెప్పారా?

అందరికీ నమస్కారం. పాల రేటు, దాణా సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు దూడతో పాటు పడే మాయ గురించి మాట్లాడాలి. చూడి గేదె ఆరో నెలలోనో ఏడో నెలలోనో ఈసుకుపోతే, అంటే నెలలు నిండకుండానే దూడను పడేస్తే, మనం ఎండదెబ్బ అంటాం, దిష్టి అంటాం, పక్క గేదె పొడిచిందంటాం. చచ్చిన దూడను చెరువు గట్టున పడేస్తాం, మాయ పడకపోతే ఇంట్లో ఎవరో ఒకరు, చాలాసార్లు ఆడవాళ్లే, ఉత్త చేతులతో లాగేస్తారు. పొడిస్తే కూడా ఈసుకుపోవచ్చు, కాదనను. కానీ కారణం బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా అయితే ఆ మాయలో, ఉమ్మనీటిలో అది లెక్కలేనంత ఉంటుంది, చేతి మీద చిన్న గీత ఉన్నా ఒంట్లోకి పోతుంది.

కొన్ని వారాలకో, ఒక్కోసారి నెలలు గడిచాకో జ్వరం మొదలవుతుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. రాత్రిళ్లు పక్క తడిసేంత చెమటలు, నడుం నొప్పి, కీళ్ల నొప్పులు, కొందరు మగవాళ్లకు వృషణాల వాపు. టైఫాయిడ్ అని కొన్నాళ్లు మందులు, ఆ తర్వాత టీబీ ఏమోనని టెన్షన్. నన్ను బాగా బాధపెట్టేది ఏంటంటే, ఇన్ని ఆసుపత్రులు తిరిగినా గేదె సంగతి అక్కడ ఎవరూ అడగరు, మనమూ చెప్పం! ఆ ఒక్క మాట చెబితే బ్రూసెల్లా రక్తపరీక్ష రాస్తారు. తేలితే మామూలుగా డాక్సీసైక్లిన్‌తో పాటు ఇంకో మందు కలిపి ఆరు వారాలు వాడాలి, పది రోజులకే ఒళ్లు తేలికపడిందని ఆపేస్తే తిరగబెడుతుంది.

మేకలవాళ్లు ఇది వినాలి. మాల్టా దీవిలో జ్వరంతో చనిపోయిన సైనికుల్లో ఈ క్రిమిని డేవిడ్ బ్రూస్ అనే డాక్టర్ 1887 నాటికే బయటపెట్టాడు, అయినా అది మేకల నుంచి వస్తోందని తేలడానికి 1905 దాకా పట్టింది. ఎందుకంటే ఆ మేకలు పైకి నిక్షేపంగా ఉన్నాయి, పాలూ బాగానే ఇస్తున్నాయి. 1906లో సైనికులకు మేకపాలు ఆపేశాక వాళ్లలో జ్వరాలు బాగా తగ్గిపోయాయి. కాబట్టి మేకపాలు పచ్చివి తాగితే బలం అని పిల్లలకు పట్టకండి, పొంగేదాకా కాచండి.

ఈసుకుపోయిన పశువును వేరే కట్టేసి పశువుల డాక్టర్‌ను పిలవండి, రక్తం పరీక్షకు పంపుతారు. ఏమీ చెప్పకుండా సంతకు తోలేస్తే కొన్నవాళ్ల ఇంట్లో కూడా ఇదే కథ, దయచేసి అలా చేయకండి. మాయను, దూడను లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి, కుక్కలు తవ్వకుండా పూడ్చండి. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.

టీకా ఉంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు, జీవితంలో ఒక్కసారే. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా వేస్తున్నారు. అందులో ఉండేది బతికున్న క్రిమే కాబట్టి మీరు సొంతంగా సూది వేయకండి, చూడి పశువులకు అసలు వేయించకండి. ఇప్పుడు ఆ వయసు పెయ్యలు ఎవరింట్లో ఉన్నాయో చెప్పండి, పేర్లు రాసుకుంటాను.