ఊహ సగం తప్పింది, మందు మాత్రం పనిచేసింది

ముందు ఒక కోతి సంగతి చెప్పాలి. కోతి అంటే పెద్దదేం కాదు, ఉడత కంటే కాస్త పెద్దది. పేరు మార్మొసెట్. వీటికి ఎక్కువగా కవలలే పుడతాయి. తల్లి కడుపులో ఉండగా ఆ రెండు పిల్లల రక్తం కలిసి పారుతుంది. అందుకే పెద్దయ్యాక కూడా ఒకదాని రక్తకణాలు తీసి రెండోదానికి ఎక్కిస్తే, దాని ఒళ్లు వాటిని పరాయివిగా చూడదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఈ కోతుల మీద పనిచేసిన న్యూరాలజిస్ట్ పేరు స్టీఫెన్ హౌజర్, అమెరికన్. హార్వర్డ్‌లో 1975లో మెడిసిన్ పూర్తిచేశారు. ఆ తర్వాత ట్రైనింగ్‌లో ఉన్న రోజుల్లో ఒక యువ లాయర్‌ను పేషెంట్‌గా చూశారు. ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్. పొట్టిగా ఎంఎస్ అంటారు. మామూలుగా ఏళ్ల తరబడి నెమ్మదిగా నడిచే జబ్బు, ఆమెను మాత్రం ఒక్కసారిగా కమ్మేసింది. మాట పోయింది, మింగడం పోయింది, చివరికి ఊపిరి కూడా సొంతంగా తీసుకోలేకపోయింది. ఎంఎస్ వైపు తాను రావడానికి ఆమే కారణమని హౌజర్ చాలాసార్లు చెప్పారు. అప్పట్లో డాక్టర్ల చేతిలో ఉన్నది స్టెరాయిడ్లు, నాలుగు ధైర్యం మాటలు, అంతే.

ఎంఎస్ అంటే ఏంటో కొంచెం చూద్దాం. మనం నోటికొచ్చినట్టు వాడేసే 'నరాల బలహీనత' కాదిది. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, మెదడులో, వెన్నుపాములో ఉండే నరాల పోగుల మీద కూడా అలాంటి తొడుగు ఉంటుంది. దాని పేరు మైలిన్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే ఆ తొడుగు మీద పడి అక్కడక్కడా కొరికేస్తాయి. ఒక రోజు పొద్దున లేచేసరికి ఒక కన్ను మసకగా ఉంటుంది. ఇంకోసారి కాలు తిమ్మిరెక్కి మాట వినదు. కొన్ని వారాలకు సర్దుకుంటుంది, మళ్లీ కొన్నాళ్లకు ఇంకో చోట. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. దీన్ని ఒక ప్రత్యేకమైన జబ్బుగా 1868లోనే పారిస్‌లో షార్కో వివరించారు. దాని నడక మార్చే మొదటి మందు, ఇంటర్ఫెరాన్ బీటా, అమెరికాలో ఆమోదం పొందింది 1993లో. మధ్యలో 125 ఏళ్లు! ఆ మందు కూడా అటాక్‌లను సుమారు మూడో వంతే తగ్గించింది.

ఇంతకీ కొరుకుతున్నది ఎవరు? అప్పట్లో అందరి సమాధానం ఒకటే, రోగనిరోధక కణాల్లో ఒక రకమైన టి కణాలు. ఎలుకల్లో టి కణాలు ఒకదాన్నుంచి తీసి ఇంకోదానికి ఎక్కిస్తే ఎంఎస్ లాంటి జబ్బు వచ్చేది. ఇంకేం కావాలి రుజువు? కానీ ఆ ఎలుకల మెదడును మైక్రోస్కోప్ కింద చూస్తే మనుషుల ఎంఎస్‌లా కనిపించదు. వాపు ఉంటుంది, తొడుగు మాత్రం అంతగా ఊడదు. హౌజర్‌కు ఇది నచ్చలేదు.

కోతులు వచ్చింది ఇక్కడే. హౌజర్, ఆయన సహచరుడు క్లాడ్ జెనైన్ ఒక మార్మొసెట్ టి కణాలు తీసి దాని కవలకు ఎక్కించారు. వాపు వచ్చింది, తొడుగు ఊడలేదు. తర్వాత మైలిన్ మీద పనిచేసే యాంటీబాడీలు, అంటే శత్రువును పట్టుకోవడానికి ఒళ్లు తయారుచేసే ప్రొటీన్లు, కూడా కలిపి ఎక్కించారు. ఈసారి తొడుగు ఊడింది, అచ్చం మనుషుల్లో లాగే పెద్ద పెద్ద మచ్చలు పడ్డాయి. 1995లో ఈ పేపర్ వచ్చింది. ల్యాబ్ ఎలుకలను జన్యువులు అచ్చం ఒకేలా ఉండేట్టు పెంచుతారు, మామూలు జంతువుల్లో ఒకదాని కణాలు ఇంకోదాంట్లో బతకవు కాబట్టి, ఆ కవలల రక్తం కలిసి ఉండకపోతే ఈ ప్రయోగమే లేదు.

యాంటీబాడీలు తయారయ్యేది బి కణాలనే ఇంకో రకం రోగనిరోధక కణాల వంశంలో. కాబట్టి అసలు దొంగలు బి కణాలే, వాటిని తీసేస్తే సరి. ఇదీ హౌజర్ లెక్క. నిజానికి పేషెంట్ల వెన్ను నీటిలో యాంటీబాడీలు ఎక్కువగా ఉంటాయని ఎల్విన్ కాబట్ 1940ల్లోనే చూపించారు. ఆధారం కళ్ల ముందే ఉంది. టి కణాల మోజులో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, నాకైతే అలాగే అనిపిస్తుంది.

బి కణాలను తీసేసే మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని కూడా లేదు. రిటుక్సిమాబ్ అని, లింఫోమా అనే క్యాన్సర్‌కు 1997 నుంచే వాడుతున్నారు. బి కణాల పైన సిడి20 అనే గుర్తు ఉంటుంది, ఈ మందు దాన్ని పట్టుకుని ఆ కణాన్ని చంపేస్తుంది. ట్రయల్‌కు డబ్బు కోసం హౌజర్ బృందం వైద్య పరిశోధనలకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌ను అడిగితే, జీవశాస్త్రం ప్రకారం ఇది నమ్మశక్యంగా లేదని తిప్పి పంపేశారు. చివరికి మందు తయారుచేసే జెనెన్‌టెక్ కంపెనీతో కలిసి ఒక చిన్న ట్రయల్ మొదలైంది. మొత్తం 104 మంది. 69 మందికి మందు, 35 మందికి ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తుత్తి డోసు.

ఇక్కడో చిక్కుంది. యాంటీబాడీలను నిజంగా తయారుచేసేవి బి కణాల నుంచి పుట్టే ప్లాస్మా కణాలు. వాటి మీద సిడి20 ఉండదు! అంటే మందు వాటిని ముట్టుకోదు. బి కణాలు పోయినా యాంటీబాడీలు చాలాకాలం అలాగే ఉంటాయి. హౌజర్ లెక్కే నిజమైతే ఫలితం మెల్లగా, ఎప్పటికో రావాలి.

ఎంఎస్‌లో ఎంఆర్ఐ తీసేటప్పుడు గడోలినియం అనే మందు ఎక్కిస్తారు. ఎక్కడ కొత్తగా వాపు ఉందో అక్కడ అది కారి, స్కాన్‌లో తెల్లటి చుక్కలా మెరుస్తుంది. ఈ ట్రయల్‌లో 12వ వారం నుంచి 24వ వారం దాకా నాలుగుసార్లు ఆ చుక్కలు లెక్కపెట్టారు. ప్లాసిబో వాళ్లలో సగటున 5.5. మందు తీసుకున్నవాళ్లలో 0.5. అంటే 91 శాతం తక్కువ. అదీ వారాల్లోనే. యాంటీబాడీలు అంత త్వరగా తగ్గే అవకాశమే లేదు.

అర్థమైందా? మందు పనిచేసింది, ఏ కారణంతో పనిచేస్తుందని అనుకున్నారో ఆ కారణంతో మాత్రం కాదు. బి కణాలు యాంటీబాడీల కోసమే ఉన్నవి కావు. అవి టి కణాలకు 'ఇదిగో శత్రువు' అని చూపించి ఉసిగొల్పుతాయి కూడా. వాటిని తీసేస్తే టి కణాలూ చల్లబడతాయి. అంటే టి కణాల వాళ్లదీ పూర్తిగా తప్పు కాదన్నమాట. తన ఊహలో సగం తప్పని హౌజర్ కూడా దాచుకోలేదు. ఈ ఫలితాలు 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి.

తర్వాత కథ వేగంగా నడిచింది. అదే పని చేసే ఓక్రెలిజుమాబ్‌తో పెద్ద ట్రయల్స్ జరిగాయి. రెండింటిలో కలిపి 1,656 మంది. ఇంటర్ఫెరాన్‌తో పోలిస్తే అటాక్‌లు దాదాపు సగానికి పడిపోయాయి. 2017 మార్చిలో అమెరికాలో ఆమోదం వచ్చింది. మొదటి నుంచీ ఆగకుండా ముదిరే రకం ఎంఎస్‌కు అక్కడ ఆమోదం పొందిన మొదటి మందు ఇదే, అయితే అందులో లాభం తక్కువ. ఆరు నెలలకోసారి సెలైన్‌లా చేతికి ఎక్కించుకుంటే చాలు.

ఒక్క విషయం మాత్రం నాకు మింగుడుపడదు. మొదట పనిచేసి చూపించింది రిటుక్సిమాబ్. ఎంఎస్ కోసం ఆమోదం తెచ్చుకుని, ఏడాదికి 65,000 డాలర్ల ధరతో మార్కెట్లోకి వచ్చింది ఓక్రెలిజుమాబ్. కొత్తది మనిషి ప్రొటీన్‌కు మరింత దగ్గరగా తయారుచేసింది, నిజమే. కానీ స్వీడన్‌లో డాక్టర్లు పాత మందునే వేల మందికి వాడుతూ వచ్చారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో మొదటిసారి ఎంఎస్ మందులు చేర్చినప్పుడు, రిటుక్సిమాబ్ అందులో ఉంది.

2025లో హౌజర్‌కు సైన్స్‌లో పెద్ద అవార్డుల్లో ఒకటైన బ్రేక్‌త్రూ ప్రైజ్ వచ్చింది. ఆయనతో పాటు అందుకున్నది అల్బెర్టో అస్చెరియో. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకితే ఎంఎస్ ముప్పు 32 రెట్లు పెరుగుతుందని 2022లో చూపించిన బృందం ఆయనదే. ఆ వైరస్ ఏళ్ల తరబడి ఎక్కడ దాక్కుంటుందో తెలుసా? బి కణాల్లో.

హౌజర్ 1992 నుంచి శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఉన్నారు. అక్కడ 2004లో మొదలుపెట్టి వందల మంది పేషెంట్లను ఏటా పిలిచి, నడిపించి, స్కాన్ తీసి చూస్తూ వచ్చారు. 2019లో ఆ బృందం రాసిన పేపర్ చదివితే కొంచెం టెన్షన్ వస్తుంది. కొంతమందికి అటాక్ లేదు. అయినా నడక ఏడాదికేడాది తగ్గుతోంది, మెదడు మెల్లగా కుంచించుకుపోతోంది. దానికి వాళ్లు పెట్టిన పేరు సైలెంట్ ప్రోగ్రెషన్. బి కణాలను ఖాళీ చేసినా ఇది పూర్తిగా ఆగడం లేదు.